ఒక్క ఊరు, పది కలాలు: ఉమ్మడి లోకపు ఫాంటసీ సంకలనాలు పాఠకుడి కోసమా, రాసేవాళ్ల సరదా కోసమా?

ఏలూరు రోడ్డు పాఠకుడు (విజయవాడ):

విజయవాడ, గుంటూరు మిత్రుల్లో కొందరు కలిసి ఒక కథా సంకలనం వేద్దామనుకుంటున్నారు. నది సముద్రంలో కలిసే చోట ఒక కల్పిత రేవు పట్నం. దాని వీధులు, దేవుళ్లు, దొంగలు, సుంకాలు అన్నీ ముందే ఖాయం చేసుకుని, ఆ ఊళ్లో జరిగే కథలు తలా ఒకటి రాస్తారు. ఒకరి పాత్ర ఇంకొకరి కథలోకి వచ్చి పోవచ్చు. మాట మొదలైన రోజే రెండు వర్గాలయ్యాయి. ఇది రాసేవాళ్ల ఆట, డబ్బు పెట్టి కొన్నవాడికి ఒరిగేదేమీ లేదని ఒక వర్గం. నేను రెండో వర్గం. అందరూ మాట్లాడితే బాగుంటుందని ఇక్కడ పెడుతున్నాను.

తెలియనివాళ్ల కోసం కాస్త చెప్తాను. 1979లో అమెరికాలో రాబర్ట్ ఆస్ప్రిన్ ఎడిటర్‌గా ‘థీవ్స్ వరల్డ్’ అనే సంకలనం వచ్చింది. సామ్రాజ్యం చివరి అంచున శాంక్చురీ అనే చితికిపోయిన ఊరు ఉంటుంది. రాజధానిలో ఉంటే తన సింహాసనానికి ముప్పని చక్రవర్తి తన సవతి తమ్ముణ్ణి అక్కడికి గవర్నర్‌గా పంపేస్తాడు. ఊళ్లో ఇరుకు సందుల పేట ఒకటి, అందులో ఒక సారాకొట్టు. ఎవరి పాత్రయినా ఎప్పుడో ఒకప్పుడు ఆ కొట్టులో అడుగు పెడుతుంది. పోల్ ఆండర్సన్, జాన్ బ్రన్నర్, మేరియన్ జిమ్మర్ బ్రాడ్లీ లాంటి అప్పటికే పేరున్నవాళ్లు మొదటి పుస్తకంలోనే రాశారు. 1989 దాకా పన్నెండు సంపుటాలు వచ్చాయి. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో వీటిలో ఒకటీ అరా అట్టలు చిరిగిపోయి అయినా దొరికేవి. నాకు ఈ పిచ్చి పట్టింది అలాగే.

నన్ను కట్టిపడేసిన సంగతి ఒక్కటే. ఆండ్రూ ఆఫట్ సృష్టించిన హాన్స్ అనే కుర్ర దొంగ ఉన్నాడు. ఒంటినిండా కత్తులు దాచుకుని తిరుగుతాడు. ఆఫట్ కథలో మనం వాడి మనసులో కూర్చుని ఊరంతా చూస్తాం. వాడి భయం, వాడి రోషం మనకి తెలుసు. వేరే రచయిత కథలో అదే కుర్రాడు వీధి మలుపులో ఎదురైతే, చూసేవాళ్లకి వాడొక పొగరుబోతు, అంతే. వాడి లోపల ఏముందో ఆ కథలో ఎవరికీ తెలియదు. మనకి మాత్రం తెలుసు. ఈ అనుభవం నాకు ఏ ఒంటరి రచయిత నవలలోనూ ఇంత బలంగా దొరకలేదు. ఒకే రచయిత పది కోణాల్లో రాసినా, ఆ పది కోణాలూ ఒకే బుర్రలోవి.

బ్రాడీపేట నాలుగో లైను (గుంటూరు):

మీరు చెప్పిన ఆనందం నిజమే. కానీ అది మొదటి రెండు మూడు పుస్తకాల వరకే. నేనూ ఆ సిరీస్ చదివినవాణ్ణే కాబట్టి దాన్నే తీసుకుందాం.

మొదట్లో శాంక్చురీ ఎవరి ఊరు? దొంగలది, బిచ్చగాళ్లది, పొట్టకూటి కోసం జోస్యాలు చెప్పేవాళ్లది. ఆ చిన్న బతుకుల వల్లే ఆ ఊరు నమ్మేలా ఉంది. తర్వాత జానెట్ మోరిస్ టెంపస్ అనే సేనానిని తెచ్చారు. వాడికి చావు లేదు. యుద్ధదేవుడి అండ ఉంది. విడిగా చూస్తే మంచి పాత్రే. కానీ చావులేనివాడు వీధిలోకి వచ్చాక కత్తులు పట్టుకు తిరిగే కుర్ర దొంగకి విలువేముంటుంది? మిగతా రచయితలు చూస్తూ ఊరుకోరు కదా. తమ పాత్రలకీ బలం పెంచుతారు. మంత్రగత్తెలు పెరిగారు, దేవతలు దిగారు, సముద్రం దాటి ఇంకో జాతి వచ్చి ఊరిని ఆక్రమించింది. బిచ్చగాళ్ల ఊరు కాస్తా దేవతల యుద్ధరంగమైంది. ఇది ఏ ఒక్క రచయిత తప్పూ కాదు. పదిమంది ఒకే చోట రాస్తే ప్రతివాళ్లూ తమ పాత్ర గుర్తుండిపోవాలనుకుంటారు. ఆ పోటీ ఈ పద్ధతిలోనే ఉంది. ఒకే రచయిత అయితే తన కథకి ఎంత బలం సరిపోతుందో తనే చూసుకుంటాడు, ఎక్కువైతే తగ్గిస్తాడు. ఇక్కడ తగ్గించేదెవరు?

రెండో సంగతి. బాగా పండిన పాత్రని రచయిత తన దారిన తీసుకెళ్లిపోతాడు. బ్రాడ్లీ మొదటి సంపుటంలో లిథాండే అనే మాంత్రిక పాత్రని పెట్టారు. చాలా లోతున్న పాత్ర. తర్వాత ఆ పాత్ర కథల్ని విడిగా 1986లో పుస్తకంగా వేసుకున్నారు. మోరిస్ కూడా టెంపస్‌ని పెట్టి 1985 నుంచి సొంత నవలలు రాశారు. వాళ్ల పాత్రలు, వాళ్ల హక్కు, కాదనను. కానీ ఉమ్మడి ఊరిని నమ్మి వచ్చిన పాఠకుడికి చివరికి మిగిలిందేమిటి?

మూడోది ముగింపు. ఇలాంటి సిరీస్‌లకి ముగింపు ఉండదు, ఆగిపోవడమే ఉంటుంది. నాకు కథంటే మొదలుపెట్టినవాడే ముగించేది.

కాలవ గట్టు (విజయవాడ):

ముగింపు లేకపోవడమే కొన్నిసార్లు బాగుంటుందండి. ‘బోర్డర్‌టౌన్’ అనే సిరీస్ ఉంది. 1986లో టెరీ విండ్లింగ్ మొదలుపెట్టారు. మన లోకానికీ మాయా లోకానికీ మధ్య ఒక ఊరు, అక్కడ మంత్రమూ సరిగ్గా పనిచేయదు, మోటారూ సరిగ్గా పనిచేయదు. ఇల్లు వదిలి పారిపోయిన పిల్లలు అక్కడికి చేరుకుంటారు. 1998 తర్వాత కొత్త సంకలనం రాలేదు. మళ్లీ 2011లో వచ్చింది. ఆ పదమూడేళ్ల ఖాళీని వాళ్లు కథలోకే తెచ్చేశారు. ఇన్నాళ్లూ ఆ ఊరికి దారి మూసుకుపోయిందట. బయట పదమూడేళ్లు గడిస్తే ఊళ్లోవాళ్లకి గడిచింది పదమూడు రోజులే. చిన్నప్పుడు చదివి పెద్దవాళ్లయినవాళ్లు ఆ ఊరికి మళ్లీ వెళ్తే, ఊరు అలాగే ఉంది, తామే మారిపోయారు. చిన్నప్పుడు ఆ కథలు చదివి పెరిగి, రచయితలై, ఆ కొత్త సంకలనంలో రాసినవాళ్లూ ఉన్నారు. ఒక్కరి నవల అయితే ఆ తలుపు ఇంకొకరికి తెరుచుకోదు కదా.

తెలుగు మాస్టారు (తెనాలి):

అమెరికా పుస్తకాల మాటే నడుస్తోంది కాబట్టి ఇంటి సంగతి ఒకటి గుర్తుచేస్తాను. తెలుగువాడికి మొదటి మహాకావ్యమే ముగ్గురు రాసింది.

పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ్య భారతం మొదలుపెట్టి, ఆది, సభా పర్వాలు పూర్తిచేసి, అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయారు. పదమూడో శతాబ్దంలో తిక్కన ఆ సగాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి మొదలుపెట్టి పదిహేను పర్వాలు రాశారు. పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన వచ్చి మధ్యలో మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని పూర్తిచేశారు. ఆయన చేసిన పని చూడండి. నన్నయ్య ఆగింది శరత్కాలపు వెన్నెల రాత్రుల పద్యం దగ్గర. ఎర్రన మొదలుపెట్టింది అదే శరత్తులో తెల్లవారే సూర్యోదయంతో. తన పేరు ముందుకు తెచ్చుకోకుండా, తన కాలంలో లేని రాజరాజ నరేంద్రుడికే ఆ భాగాన్ని అంకితం చేశారు. మొదట నన్నయ్య నడకతో నడిచి, పోనుపోను తిక్కన నడకకి దగ్గరవుతారని మన పెద్దలు చెబుతారు. రెండు వందల ఏళ్లకు పైగా తేడాతో రాసిన ఇద్దరి మధ్య కుదురుకుని, అతుకు కనిపించకుండా రాయడం ఎంత కష్టమో రాసేవాళ్లకి తెలుస్తుంది.

అతుకు కనిపించిన చోటా అందం ఉంది. నన్నయ్య సభాపర్వంలో చూసిన ద్రౌపదే, తిక్కన ఉద్యోగపర్వంలో రాయబారానికి వెళ్లబోయే కృష్ణుడి ముందు తన జుట్టు చూపించి మాట్లాడుతుంది. మనిషి ఒకటే. గొంతు మాత్రం తిక్కనది. అవమానం జరిగిన నాటి ద్రౌపదికీ, దాన్ని పదమూడేళ్లు మోసిన ద్రౌపదికీ మధ్య కలం మారింది. ఆ మార్పు ఆమె వయసులా, అనుభవంలా మన మీద పనిచేస్తుంది. ఇదంతా ఎవరూ ప్లాన్ చేసింది కాదు. అయినా చదివేవాడికి దక్కింది.

బ్రాడీపేట నాలుగో లైను:

మాస్టారూ, మీ మాటకి గౌరవం ఇస్తూనే చెప్తున్నాను. భారతం ఉదాహరణ ఇక్కడ కుదరదు. కథ వ్యాసుడిది. ముగ్గురికీ దారి ముందే తెలుసు. ఎర్రన ఎంత చేసినా అరణ్యపర్వంలో ద్రౌపదిని చంపలేరు, తిక్కన కర్ణుణ్ణి బతికించలేరు. భాస్కర రామాయణమూ అంతే. భాస్కరుడు, మల్లికార్జునభట్టు, కుమార రుద్రదేవుడు, అయ్యలార్యుడు నలుగురూ రాశారు, కానీ కథ వాల్మీకి గీసిన గీత దాటదు. ఉమ్మడి లోకంలో అసలు చిక్కంతా రేపు ఏం జరుగుతుందో ఎవరికీ తెలియకపోవడమే.

దీనికి దగ్గరగా మనకున్నది చందమామ బేతాళ కథలు. మూలంలో ఉన్నవి పాతికే. చందమామలో మాత్రం దశాబ్దాలపాటు నెలనెలా కొత్తది వచ్చేది. ఎవరెవరో రాసి పంపినవి. అదే చెట్టు, అదే శవం, అదే శ్మశానం, అదే విక్రమార్కుడు. కానీ గమనించండి, అది అన్నాళ్లు నడవడానికి కారణం ఏదీ మారకపోవడమే. విక్రమార్కుడి మౌనం భంగమవుతుంది, బేతాళుడు చెట్టెక్కుతాడు, పై నెల మళ్లీ మొదటికి. ఒక రచయిత చేసిన పని ఇంకొకరి కథ మీద పడదు. అందుకే చెడిపోలేదు. మీరు అనుకుంటున్న రేవు పట్నంలో ఒకరు వంతెన కూలిస్తే మిగతావాళ్లందరి కథల్లోనూ వంతెన ఉండకూడదు. అంత జవాబుదారీతనం కథకి పది రోజులు కేటాయించే మన మిత్రులకి ఉంటుందా?

పాచికల పెట్టె (విజయవాడ):

ఉంటుందండి, నియమాలు సరిగ్గా పెట్టుకుంటే. నేను గేమ్స్ ఆడే బ్యాచ్ నుంచి వచ్చినవాణ్ణి, ఆ వైపు నుంచి చెప్తాను.

‘వైల్డ్ కార్డ్స్’ సిరీస్ పుట్టిందే గేమ్ నుంచి. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్, ఆల్బకర్కీలో ఆయన రచయిత మిత్రులు కలిసి సూపర్‌వరల్డ్ అనే రోల్ ప్లేయింగ్ గేమ్ (తలా ఒక పాత్రగా మారి కథని నడిపించే ఆట) ఆడేవాళ్లు. ఆ ఆటలోంచి 1987లో పుస్తకం వచ్చింది. ముప్ఫైకి పైగా సంపుటాలై ఇప్పటికీ నడుస్తోంది. అందులో మూల నియమం ఒక్కటే: 1946 సెప్టెంబర్ 15న న్యూయార్క్ మీద ఒక వైరస్ పడింది. సోకినవాళ్లలో నూటికి తొంభైమంది చచ్చిపోతారు, తొమ్మిదిమంది వికృతంగా మారిపోతారు, ఒక్కరికి మాత్రం శక్తి వస్తుంది. బ్రాడీపేట గారు చెప్పిన బలం పెరిగిపోయే జబ్బుకి ఇక్కడ మందు ఉంది. శక్తి ఎంత అరుదో, దానికి ఎంతమంది బలయ్యారో నియమంలోనే రాసి ఉంది. ఎవరు కొత్త వీరుణ్ణి తెచ్చినా వాడి వెనక ఆ తొంభైమంది శవాలు కనబడతాయి.

ఇంకొకటి. రోజర్ జెలాజ్నీ ఆ సిరీస్‌కి క్రాయిడ్ అనే పాత్రనిచ్చారు. వాడు నిద్రపోయి లేచిన ప్రతిసారీ కొత్త ఒళ్లు, కొత్త శక్తి. అందుకే నిద్రంటే భయం. మెలకువగా ఉండటానికి మందులు మింగి మింగి చివరికి పిచ్చెక్కుతుంది. చూడండి, ఎంత ఉదారమైన పాత్రో. ఏ రచయితకి ఏ రూపం కావాలంటే ఆ రూపంలో వాడు దొరుకుతాడు, కానీ ఆ భయం మాత్రం ప్రతి కథలోనూ అదే. జెలాజ్నీ 1995లో పోయారు. క్రాయిడ్ ఇప్పటికీ ఇతరుల కథల్లో తిరుగుతున్నాడు. ఇంకొకరికి ఇవ్వడానికే తయారుచేసిన పాత్ర అది. ఒంటరిగా రాసుకునేవాడికి అలాంటి పాత్ర తట్టదని నా నమ్మకం.

‘లియావెక్’ అని 1985లో మొదలైన ఇంకో సిరీస్ ఉంది, విల్ షెటర్లీ, ఎమ్మా బుల్ ఎడిటర్లు. అక్కడ మంత్రశక్తి పుట్టినరోజుకి ముడిపడి ఉంటుంది. నువ్వు పుట్టేటప్పుడు మీ అమ్మ ఎన్ని గంటలు నొప్పులు పడిందో ఏటా అన్ని గంటలే నీ శక్తి నీ చేతిలో ఉంటుంది. ఆ కాసేపట్లో దాన్ని ఒక వస్తువులో నిలపగలిగితేనే ఏడాదంతా మంత్రం. ఈ ఒక్క నియమం వింటేనే బుర్రలో కథలు లేస్తాయి. పుట్టినరోజు తెలియని అనాథ ఏం చేస్తాడు? శత్రువు పుట్టినరోజు తెలిస్తే ఎవరేం చేస్తారు? మన రేవు పట్నానికి కూడా పెద్ద చరిత్ర, మ్యాపులు రాసుకుంటూ కూర్చోవద్దు. ఇలాంటి నియమం ఒక్కటి దొరికితే చాలు.

సింగ్‌నగర్ పై అంతస్తు (విజయవాడ):

నేను ఫాంటసీ పెద్దగా చదవను. అయినా ఇక్కడి మాటలు చదువుతుంటే ఒకటి చెప్పాలనిపించింది.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగినప్పుడు మేం మా వీధిలో పై అంతస్తులో ఉండిపోయాం. కింద నీళ్లు, కరెంటు లేదు, ఫోన్లు ఆగిపోయాయి. నా లెక్కలో వరదంటే మెట్ల మీద నీటి గుర్తు. ఒక మెట్టు తగ్గిందా పెరిగిందా అని పిల్లలు గంట గంటకీ వెళ్లి చూసొచ్చేవాళ్లు. ప్రకాశం బ్యారేజీ దగ్గర ఉన్నవాళ్లకి వరదంటే పదకొండు లక్షల క్యూసెక్కులు దాటిన కృష్ణ, గేట్లకి కొట్టుకున్న పడవలు. బెంజ్ సర్కిల్ వైపు మా చుట్టాలకి ఇంటి ముందు రోడ్డు పొడిగానే ఉంది, ఫోన్ కలిసిన తర్వాత కూడా మేం చెప్పింది నమ్మడానికి వాళ్లకి టైమ్ పట్టింది. పడవ నడిపినవాళ్లది ఇంకో కథ. డ్రోన్‌లో వచ్చిన పొట్లం మేడ మీద పడితే అది ఏ ఇంటిదని తేల్చుకున్నవాళ్లది ఇంకో కథ. వీళ్లందరిదీ ఒకే ఊరు, ఒకే రోజు. ఆ రోజు కథని ఏ ఒక్కరు రాసినా నేను ఒప్పుకోను. మంచి రచయిత అయినా సరే, తను ఎక్కడ నిలబడ్డాడో అక్కడినుంచే రాస్తాడు. పదిమంది ఒక ఊరిని రాయడమంటే నాకు అర్థమైంది ఇదే. మాటలు కలవకపోతే ఇంకా మంచిది.

ఏలూరు రోడ్డు పాఠకుడు:

సింగ్‌నగర్ గారూ, మీరు చెప్పిందాన్నే ఆస్ప్రిన్ ‘థీవ్స్ వరల్డ్’ మొదటి సంపుటంలో ఎడిటర్ మాటగా రాశారు. ఈ కథల్లో మనుషుల మాటతీరు, జరిగిన సంగతుల వివరాలు, ఊళ్లో ఎవరు పెద్ద అన్న లెక్కలు ఒకదానితో ఒకటి పొసగవని మీకు అనిపించవచ్చు, అవి పొరపాట్లు కావు, ఒకే సంగతిని వేర్వేరు మనుషులు వేర్వేరుగా చూస్తారు, వింటారు అని ఆ మాటల సారాంశం. నాకు ఇది తప్పించుకునే సాకు కాదు. ఈ ప్రక్రియకి ప్రాణం అక్కడే ఉంది.

బ్రాడీపేట గారి టెంపస్ మాటకి జవాబు చెప్పాలి. పోటీ ఉంది, కాదనను. కానీ అదే పోటీలోంచి ఏం వచ్చిందో కూడా చూడాలి. 1981లో వచ్చిన మూడో సంపుటంలో చావులేని టెంపస్, బతికున్నవాళ్లని కోసి పరీక్షలు చేసే ఒక క్రూరుడి చేతికి చిక్కుతాడు. చావు లేదు కాబట్టి వాడి నరకానికి అంతమూ లేదు. వాణ్ణి బయటికి తెచ్చేదెవరు? హాన్స్. ఒక రచయిత్రి మహావీరుణ్ణి ఇంకో రచయిత దొంగ కుర్రాడు కాపాడాడు. చావులేనివాడు వచ్చాక కుర్ర దొంగకి విలువేముందని మీరు అడిగారు. ఇదిగో, ఇంత. ఒకే రచయిత ఇది రాసి ఉంటే, బలవంతుణ్ణి బలహీనుడు కాపాడే పాత ఎత్తుగడ అనుకుని ఊరుకునేవాణ్ణి. ఇక్కడ ఇద్దరు సృష్టికర్తలు ఎదురెదురుగా కూర్చుని, ఒకరు తన పాత్ర ఒళ్లు కోయడానికి ఒప్పుకున్నారు, ఇంకొకరు తన పిరికి కుర్రాణ్ణి ఆ గదిలోకి పంపారు. ఆ నమ్మకం పేజీ మీద తెలుస్తుంది.

బ్రాడీపేట నాలుగో లైను:

ఆ కథ బాగుంటుంది, నేనూ ఒప్పుకుంటాను. అలాంటిది సంపుటానికి ఒకటి వస్తే మీరు తృప్తిపడతారు, నేను పడను. తేడా అక్కడుంది.

సరే, పుస్తకం వేయడం ఖాయమంటున్నారు కాబట్టి అసలు ప్రశ్న అడుగుతాను. ‘థీవ్స్ వరల్డ్’లో ఇంకొకరి ముఖ్య పాత్రని అనుమతి లేకుండా చంపకూడదన్న నియమం ఉండేది. మీరూ అదే పెట్టుకుంటారా? పెట్టుకుంటే ఎవరూ చావరు. తన పాత్రని చంపమని ఏ రచయిత సంతకం పెడతాడు? చావు భయం లేని దొంగల ఊరు నాకెందుకు? పెట్టుకోకపోతే మొదటి సంపుటానికే స్నేహాలు చెడతాయి.

తెలుగు మాస్టారు:

చంపే హక్కు ఎడిటర్‌కి ఇవ్వాలి. రచయిత పాత్రని ఊళ్లోకి పంపినప్పుడే దాన్ని ఊరికి అప్పగించినట్టు. ఎవరు ఏ సంపుటంలో పోవాలో ఎడిటర్ చెప్పాలి. అయితే ఎలా పోవాలన్నది మాత్రం పుట్టించినవాళ్లే రాయాలి. కన్నవాళ్ల కలం నుంచి వచ్చిన చావుకి ఉండే బరువు వేరు.

బ్రాడీపేట నాలుగో లైను:

అప్పుడు ఆ ఎడిటర్ అదే సంకలనంలో కథ రాయకూడదు. తన పాత్రని తను కాపాడుకుంటాడు.

పాచికల పెట్టె:

మార్టిన్ ‘వైల్డ్ కార్డ్స్’కి ఎడిటర్‌గా ఉంటూనే టర్టిల్ అనే పాత్రని తనే రాశారు. ఆస్ప్రిన్ కూడా జూబల్ అనే పాత్రని పెట్టుకుని తన సంకలనాల్లో రాశారు. ఊళ్లో తనకీ ఒక ఇల్లుంటేనే ఆ ఊరి గోడలు కూలకుండా చూసుకుంటాడు.

కాలవ గట్టు:

నేను బ్రాడీపేట గారి పక్షం. మార్టిన్‌కి ఉన్న అనుభవం మనవాళ్లకి ఇంకా లేదు. మొదటి సంపుటానికి ఎడిటర్ రాయకుండా ఉండాలి. ఎవరి కథ వెనక్కి పంపినా ఆయన మీద అనుమానం రాకూడదు. ఇంకో మాట, ఆ ఎడిటర్‌గా బ్రాడీపేట గారే ఉంటే బాగుంటుంది. ఎక్కడ చెడిపోతుందో ఇక్కడ అందరికంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఆయనే.

బ్రాడీపేట నాలుగో లైను:

నేను ఉండాలంటే రెండు షరతులు. మూడు సంపుటాలతో ఆ ఊరి కథ ముగిసిపోవాలి, ఆ ముగింపు ఏమిటో మొదటి కథ రాసేలోపే అందరికీ తెలియాలి. రెండోది, ఆ ఊళ్లో చావులేనివాడు ఉండకూడదు. ఇందుకు ఒప్పుకుంటే కథలు పంపమనండి, చదువుతాను.